మొదటి ఏడాది పిల్లలు వారం వారం ఇంటికి రావడం మంచిదేనా?

నాగావళి ఒడ్డు:
మా అమ్మాయి కాకినాడలో బీటెక్ మొదటి సంవత్సరం చదువుతూ హాస్టలులో ఉంటోంది. మాది శ్రీకాకుళం. చేరినప్పటి నుంచి ఒక్క వారం తప్పకుండా ఇంటికి వచ్చేస్తోంది. శుక్రవారం క్లాసులు అయ్యాక బస్సెక్కి, విశాఖ కాంప్లెక్సులో మారి, అర్ధరాత్రి దిగుతుంది. బస్టాండుకు నేను వెళ్లాలి. శనివారం మధ్యాహ్నం దాకా నిద్రే. ఆదివారం పదకొండింటికి మళ్లీ సంచి సర్దుడు. డ్రాయింగ్ షీట్ల గొట్టం మోసుకొస్తుంది, మూత తీయకుండానే పట్టుకుపోతుంది. ఇక సంక్రాంతి దాకా రావద్దని చెప్పాను. ఆ రోజు నుంచి మా ఆవిడ నాతో మాట్లాడటం లేదు. నేను చెప్పింది తప్పా?

పాత హాస్టలు:
ముమ్మాటికీ తప్పు కాదు. 1996లో మా నాన్నగారు నా ట్రంకుపెట్టె గది గుమ్మంలో దించి, ‘దసరాకు రా’ అని వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయారు. మెస్సు సాంబారు చూసి మొదటి వారమంతా అరటిపళ్లతో గడిపాను. మూడో నెలకు అదే సాంబారు మారు వడ్డించమని అడిగాను. అలవాటంటే అదే. వారానికోసారి అమ్మ చేతి పప్పు తగులుతుంటే ఆ పిల్లకు మెస్సు అన్నం ఎప్పటికి సహిస్తుంది?

లెక్కల పుస్తకం:
శనివారం కాలేజీ లేదా? హాజరు మాటేమిటి?

నాగావళి ఒడ్డు:
ఉందండి. మానేస్తోంది.

లెక్కల పుస్తకం:
అయితే చర్చ అక్కడే ముగిసింది. జేఎన్‌టీయూలో 75 శాతం ఉండాలి. 65 దాటితే వైద్య కారణం చూపి రుసుము కట్టాలి. అంతకన్నా తగ్గితే డిటెన్షనే, అంటే ఆ సెమిస్టరు మళ్లీ చదవాల్సిందే.

మల్లెపందిరి:
వారానికి ఆరు రోజుల్లో ఒకటి పోతే 83 శాతం మిగులుతుంది. లెక్కల పుస్తకమని పేరు పెట్టుకున్నారు కదా.

లెక్కల పుస్తకం:
జ్వరం వస్తే? పెళ్లిళ్లు వస్తే? శనివారమే ల్యాబు ఉంటే?

టీ కప్పు:
2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు బస్సు ఉచితం చేశాక వచ్చిన తిప్పలివి. టికెట్టు పెట్టి కొనాల్సి వస్తే నెలకోసారి వచ్చేది.

మల్లెపందిరి:
ఏ మాట వచ్చినా మీకు బస్సే కనిపిస్తుందా? అన్నగారూ, మొదటి సంవత్సరం వాళ్లకు ఇరవై ఏళ్లుగా గణితం చెబుతున్నాను. ఒక్క సంగతి చెప్పండి. అమ్మాయి ఇంటరు ఎక్కడ చదివింది?

నాగావళి ఒడ్డు:
దానికీ దీనికీ సంబంధం లేదు.

బాటసారి:
హాస్టలులో ఎవరైనా ఏడిపిస్తున్నారేమో మెల్లగా అడగండి. ర్యాగింగ్ మీద ఫిర్యాదుకు 1800-180-5522 ఉంది.

నాగావళి ఒడ్డు:
అడిగాను. అలాంటిదేమీ లేదంది.

పాత హాస్టలు:
మనం గారాబం చేసి చెడగొడుతున్నాం. నాలుగు వారాలు పళ్లబిగువున ఉంటే అదే కుదురుకుంటుంది.

మల్లెపందిరి:
మీరు సాంబారుకు అలవాటు పడ్డారు, సరే. మీ నాన్నగారికి ఉత్తరం రాయడం కూడా అలవాటైందా?

పాత హాస్టలు:
మా నాన్నగారి ఊసు ఇక్కడ అనవసరం.

మల్లెపందిరి:
మీరే తెచ్చారు. నేను ఇంటరు గురించి ఊరికే అడగలేదు.

నాగావళి ఒడ్డు:
సరే, వినండి. రెండేళ్లూ విజయవాడలో రెసిడెన్షియల్. హాస్టలు ఆ పిల్లకు కొత్త కాదు, అందుకే నాకు ఒళ్లు మండుతోంది! రెండేళ్లు ఉండగలిగినది ఇప్పుడు ఎందుకు ఉండలేదు?

మల్లెపందిరి:
అక్కడ గంట కొడితే లేచింది, గంట కొడితే తింది, గంట కొడితే పుస్తకం తెరిచింది. బీటెక్‌లో గంట కొట్టేవారు లేరు. ఇంటరులో వెయ్యికి 970 తెచ్చుకున్న పిల్లలు నా మొదటి మిడ్ పరీక్షలో సగం మార్కులు రాక బిత్తరపోవడం ఏటా చూస్తాను. సాయంత్రం నాలుగు తర్వాత ఏం చేయాలో వాళ్లకు తెలియదు. కొత్తవాళ్లు కాలేజీకి అలవాటు పడటానికి మూడు వారాల ఇండక్షన్ పెట్టమని సాంకేతిక విద్యామండలి ఏఐసీటీఈ చెప్పింది, చాలాచోట్ల అది ఉపన్యాసాలతోనే సరిపోతుంది. ఇంటరులో మీ అమ్మాయి ఉన్నది హాస్టలులో కాదు, కట్టుదిట్టంలో. ఆ రెండేళ్లు మీరు లెక్కలో వేసుకోకండి.

పాత హాస్టలు:
లెక్కలో వేసుకోవాల్సిందే. కట్టుదిట్టం వల్లే సీటు వచ్చింది.

నాగావళి ఒడ్డు:
విజయవాడలో చేరిన మొదటి నెలలోనే తీసుకెళ్లిపొమ్మని గేటు దగ్గర నా చొక్కా పట్టుకుని ఏడ్చింది. కట్టిన ఫీజు తిరిగి రాదమ్మా అన్నాను. ఇంకేమీ అనలేదు, నిజంగా అదొక్కటే అన్నాను. మొన్న సంక్రాంతి దాకా రావద్దన్నప్పుడు అదే గుర్తుచేసింది. ‘ఇప్పుడు ఎవరి ఫీజు పోతోంది నాన్నా, బస్సు కూడా ఉచితమే’ అంది.

టీ కప్పు:
నేను బస్సు గురించి అన్నది వేరే ఉద్దేశంతోనండి.

పాత హాస్టలు:
అయినా సరే, నెలకోసారి చాలు.

మల్లెపందిరి:
అది మీరూ నేనూ తేల్చేది కాదు. ఆయన వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చోవాలి.

లెక్కల పుస్తకం:
అన్నీ బాగానే ఉన్నాయి. శనివారం ల్యాబు ఉందో లేదో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

నాగావళి ఒడ్డు:
తెలియదండి. అడగాలి.