కొత్త ట్యాంకు సగానికి తగ్గగానే పెట్రోలుతో పాటు గాలి వస్తోంది

ఇంట్లోనే బాగుచేసుకున్న పాత కారుకు, తుప్పుపట్టిన ఇనుప ట్యాంకు తీసేసి 45 లీటర్ల అల్యూమినియం ట్యాంకు చేయించి డిక్కీలో అమర్చాను. ఇంజనుకు కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం), ట్యాంకు నుంచి పెట్రోలు లాగే మెకానికల్ పంపు ఉన్నాయి. పెట్రోలు పీల్చే గొట్టం ట్యాంకు పైనుంచి లోపలికి దిగి, అడుగుకు 12 మిల్లీమీటర్ల ఎత్తులో ఆగుతుంది.

ట్యాంకు నిండుగా ఉంటే ఇంజను అద్భుతంగా నడుస్తుంది. సగానికి తగ్గాక అయిదారు నిమిషాల్లోనే తడబడి ఆగిపోతుంది. పంపు ముందున్న గాజు ఫిల్టర్‌లో ఆగకుండా బుడగలు కనిపిస్తాయి. తిన్నని రోడ్డు మీదా ఇదే తీరు, కాబట్టి మలుపుల్లో పెట్రోలు ఒక పక్కకు ఒరగడం కారణం కాదు.

మూత వదులు చేసి నడిపాను, తేడా లేదు. అంటే ట్యాంకులోకి గాలి వెళ్లే రంధ్రం మూసుకుపోవడం కారణం కాదు. ట్యాంకు నుంచి పంపు దాకా హోసులు, క్లిప్పులు, ఫిల్టర్ అన్నీ మార్చాను. చివరికి ట్యాంకు దగ్గర హోసు విప్పి, దాన్ని అదే ఎత్తులో పెట్టిన పెట్రోలు డబ్బాలోకి దించితే 40 నిమిషాలు ఒక్క బుడగ కూడా లేకుండా నడిచింది.

లోపలి గొట్టానికి సగం ఎత్తులో, బహుశా వెల్డింగ్ దగ్గర, పగులు ఉందని నా గట్టి అనుమానం. అయితే ట్యాంకు పూర్తిగా వెల్డింగ్ చేసినది, గొట్టం బయటికి రాదు. పెట్రోలు ఆవిరి ఉన్న ట్యాంకును కోయించడానికి నాకు ధైర్యం చాలడం లేదు.

ట్యాంకు కోయకుండా ఆ పగులును ఖాయంగా నిర్ధారించుకునే పరీక్ష ఏమిటి?