‘రైస్’ మన ‘వరి’కి చుట్టమా, తమిళ ‘అరిసి’కి బిడ్డా?

తీరవాసి:
తమిళ ‘అరిసి’ గ్రీకులో ‘ఒరుజా’ అయింది. అదే లాటిన్‌లోకి వెళ్లి, ఇటాలియన్ ‘రీసో’, పాత ఫ్రెంచి ‘రిస్’ మీదుగా ఇంగ్లీషు ‘రైస్’గా మారింది. దక్షిణాది రేవుల నుంచి ఓడల్లో బియ్యంతో పాటు మాటా వెళ్లింది. ఇందులో వాదించడానికి ఏముంది?

పాళీ:
గ్రీకు నుంచి ఇంగ్లీషు దాకా మీరు చెప్పిన దారి సరైనదే. నా అభ్యంతరమంతా మొదటి మెట్టు మీదే. గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ వరి పంట గురించి రాసింది క్రీ.పూ. 300 ప్రాంతంలో. గ్రీకు ఓడలు రుతుపవనాలను పట్టుకుని నేరుగా మన రేవులకు రావడం ఆ తరువాత ఒకటి రెండు శతాబ్దాలకు గానీ మొదలు కాలేదు. అంతకుముందే అలెగ్జాండర్ సైన్యం నేల దారిన పంజాబు దాకా వచ్చి వెళ్లింది. ఆ దారి పొడవునా ఉన్న మాటలు వినండి: సంస్కృతంలో వ్రీహి, అఫ్గాన్ల పష్తోలో వ్రిజె, పారశీకంలో బిరింజ్. అలెగ్జాండర్ పుట్టకముందే గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ ‘ఒరిందా’ రొట్టెను పేర్కొన్నాడు. అది వరి రొట్టె కావచ్చని పాతకాలపు పండితులే అన్నారు. ‘బిరింజ్’లోని అనుస్వారం అందులోనూ వినిపిస్తోంది కదా! ‘అరిసి’లో అదీ లేదు, మొదటి వకారమూ లేదు.

వకారం ఉన్నది మన ‘వరి’లో. ఈ చర్చల్లో దాన్ని ఎవరూ తలవకపోవడం నాకు బాధగా ఉంటుంది. ఇంగ్లీషువారు తెలుగు నుంచి నేరుగా తీసుకున్నారని నేను అనడం లేదు. కానీ ‘వ్రీహి’ ఋగ్వేదంలో లేదు, అథర్వవేదంలో కనిపిస్తుంది. దాన్ని ఈ నేలమీది మరో భాష నుంచి సంస్కృతం తీసుకుందని చాలామంది భాషావేత్తలు భావిస్తున్నారు. ఆ భాష ద్రావిడమే ఎందుకు కాకూడదు?

సందేహి:
‘వ్రీహి’లో హకారం జారిపోయి ‘వరి’ మిగిలిందేమో. అప్పుడు మీ వాదం తలకిందులవుతుంది.

పాళీ:
మంచి ప్రశ్న. తెలుగు ఒక్కటే అయితే నేనూ తగ్గేవాణ్ణి. కానీ గోండీలో వరిని ‘వంజి’ అంటారు. ‘వ్రీహి’ అరిగితే ‘వంజి’ ఎలా అవుతుంది? అడవుల్లో ఉండేవారు పంట పేరును వేదం చదివేవారి దగ్గర నేర్చుకున్నారనడం నాకు నమ్మబుద్ధి కాదు. వరికీ వంజికీ మూలరూపం ఒక్కటేనని తేలితే, ‘ఒరిందా’లోని అనుస్వారాన్ని కూడా అక్కడి నుంచే వెతకాలి. తీరవాసి గారూ, తమిళంలో ‘అరిసి’ పక్కన ‘వరి’ లాంటి పాత రూపం మీకు ఎక్కడైనా కనిపించిందా?