సమస్యాపూరణం: బరువు తగ్గెఁ గడుపు పగులఁ దాగ

మొగలిరేకు: ఈ వారం ఆటవెలది చివరి పాదం ఇస్తున్నాను.

బరువు తగ్గెఁ గడుపు పగులఁ దాగ

ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. దోమ తన బరువుకు రెండింతల దాకా నెత్తురు తాగి ఎలా ఎగురుతుందో చెప్పినప్పుడల్లా నాకు కొత్తగానే ఉంటుంది. పూరణ దాని మీదే ఉండాలి.

సన్నజాజి: మొదటి ప్రయత్నం, తప్పులుంటే దిద్దండి.

దోమకున్న రెండు దొడ్డ మూత్రపిండాలు
వెంట వెంటనె పని వేగఁ జేసె
నెత్తురందు నీరు నిలువక బయటేగె
బరువు తగ్గెఁ గడుపు పగులఁ దాగ

మొగలిరేకు: మూడో పాదం సాఫీగా నడిచిందమ్మా. మొదటి పాదంలో మాత్రం చివరి గణం చెడింది. "త్రపిండాలు" ఇంద్రగణం కాదు. విషయమూ తప్పింది: దోమకు మూత్రపిండాలు ఉండవు, మాల్పీజియన్ నాళికలు, అంటే మూత్రం తయారుచేసే సన్నని గొట్టాలు ఉంటాయి. బొద్దింకకు 100 నుంచి 150 దాకా ఉంటే దోమకు అయిదే. ఇలా మార్చి చూడు:

దోమకైదు సన్న తూములే యున్నవి

సన్నజాజి: తూములు! మా ఊరి చెరువు గుర్తొచ్చింది టీచర్ గారూ. మార్చుకున్నాను.

ఏటిగట్టు:
ఆడదోమ మనిషి నంటి నెత్తురు మెండు
తాగుచుండఁగానె ధార విడిచె
ఉప్పునీరు వెడలె, నుదరానఁ గణమాగె
బరువు తగ్గెఁ గడుపు పగులఁ దాగ

మొగలిరేకు: రెండో పాదం నాకు చాలా నచ్చింది. దోమ కుట్టడం పూర్తికాకముందే వెనక నుంచి చుక్కలు వదలడం మొదలుపెడుతుంది. ప్లాస్మాలోని నీరూ ఉప్పూ పోయి, గుడ్లకు కావలసిన ప్రొటీన్ కడుపులో మిగులుతుంది. కానీ ఆ తూములెత్తమని చెప్పిందెవరు?

తుమ్మెద: ఒక సందేహం. విందు ముగిశాక కూడా దోమ ముందుకంటే బరువుగానే ఉంటుంది కదా. "తగ్గె" అనవచ్చా?

మొగలిరేకు: అనవచ్చండీ. తగ్గేది తాగిన బరువులోంచి. అయినా మంచి ప్రశ్న. పూరణలో ఆ సంగతి స్పష్టంగా తెలిస్తే ఇంకా బాగుంటుంది.

తుమ్మెద: హార్మోను మీద నా పూరణ:

హాయి విందు నడుమ హార్మోను పరుగెత్త
ఐదు గొట్టములకు నాజ్ఞ యందె
సోడియమ్ము వెంట సుళ్లుగా నీరేగ
బరువు తగ్గెఁ గడుపు పగులఁ దాగ

మొగలిరేకు: "ఐదు", "ఆజ్ఞ" స్వరయతి చక్కగా కుదిరింది. మూడో పాదంలో శాస్త్రం అంతా ఉంది. ఆ హార్మోను పేరు డీహెచ్31. అందులో 31 అమైనో ఆమ్లాలు ఉంటాయి. అది నాళికలోని ముఖ్యకణాల్లో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువును పెంచుతుంది. దాంతో సోడియం నాళికలోకి జోరుగా చేరుతుంది, దాని వెనకే నీరు. నాళికకు గుండెలాంటి బలమైన పంపు లేదు, రక్తాన్ని ఒత్తిడితో వడకట్టదు. ఉప్పును తోసి నీటిని రప్పించుకుంటుంది. నేను పాఠం చెప్పేటప్పుడు ఇక్కడే ఎక్కువసేపు ఆగుతాను.

ఏటిగట్టు: ఉప్పులో సోడియంతో పాటు ఉండే క్లోరైడ్ సంగతి ఎవరూ ఎత్తలేదే?

మొగలిరేకు: కైనిన్ అనే మరో పెప్టైడ్ (అమైనో ఆమ్లాల చిన్న గొలుసు) ఆ పని చూస్తుంది. నాళికలోనే ఉండే నక్షత్రాకార కణాల మీద పనిచేసి క్లోరైడ్ దారిని సుగమం చేస్తుంది. నా పూరణలో దాన్నే పెట్టాను:

తొలుత సోడియమ్ముఁ దోలగా నొక్కటి
వేరొకటియు క్లోరు వీధిఁ దెరచె
కాపు వచ్చి చివరఁ గట్టె గొట్టపు నోరు
బరువు తగ్గెఁ గడుపు పగులఁ దాగ

"కాపు" అన్నది కాపా పెప్టైడ్ పేరును తలపించేలా వాడాను. ఏడిస్ ఈజిప్టై దోమలో అది డీహెచ్31 పెంచిన స్రావాన్ని తగ్గిస్తుంది. ఒంట్లో నీరంతా పోతే దోమ బతకదు, అందుకే ఈ కాపలా.

తుమ్మెద: తగ్గిస్తుంది అని మీరే అన్నారు, పద్యంలో మాత్రం నోరు కట్టేసింది. పైగా "కట్టె" దగ్గర వాక్యం ఆగిపోయి నాలుగో పాదానికి అతకడం లేదు.

మొగలిరేకు: రెండూ నిజమేనండీ. ఇలా మార్చాను:

కాపు వచ్చి చివరఁ గాస్త నెమ్మదిఁ జేయ

సన్నజాజి: ఇప్పుడు చదువుతుంటే మూడో పాదం తిన్నగా సమస్యలోకి నడిచిపోతోంది.