పార్కులో మెటల్ డిటెక్టర్‌తో పాత నాణేలు వెతకడం తప్పా?

పాతకాణి: రాజమహేంద్రవరంలో మా కాలనీ పార్కులో నిన్న డిటెక్టర్ కూత పెట్టింది. బెత్తెడు లోతున చిలుము పట్టి పచ్చబడిన కాణి దొరికింది. చింతపండుతో తోమితే పాడవుతుందని నీళ్లతోనే కడిగాను. ఒకవైపు ఐదో జార్జి తల, మరోవైపు 1919. గుంట పూడ్చి గడ్డి అదిమేశాను. ఇందులో తప్పేముంది?

తాళపత్రం: 1878 నాటి నిధుల చట్టం చదవండి. భూమిలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాసి తెలియజేయాలి. దాచిపెడితే ఏడాది వరకు జైలు. పైగా అది మునిసిపాలిటీ స్థలం.

పాతకాణి: కాణి అంటే రూపాయిలో 64వ వంతు! పది రూపాయలెక్కడ?

తాళపత్రం: చూడవలసింది ముఖవిలువ కాదు, నేటి విలువ.

పొద్దుటినడక: చట్టం సరే, గుంటల మాట చెప్పండి. పోయిన నెల మా అమ్మాయి కాలు మడతపడి పది రోజులు బడికి వెళ్లలేదు.

పాతకాణి: ఆ గుంట నాది కాదమ్మా. మొన్న ఒకావిడ జారిపోయిన మెట్టె వెతికిచ్చాను. అక్కడే గడ్డిలో కూర్చుని తొడుక్కుంది. అదీ నేరమేనా?

తాళపత్రం: పోయిన వస్తువు వేరు, పాత నాణెం వేరు. మీలాంటివారి వల్లే చరిత్ర తూకానికి పోతోంది.

పాతకాణి: మాట జాగ్రత్త! మా తాతగారికి దుక్కిలో రాగి నాణేల ముంత దొరికితే నిజాయితీగా ఆఫీసులో అప్పగించారు. రసీదు కూడా ఇవ్వలేదు. ముంత మూత ఒక్కటే మా నాయనమ్మ దగ్గర మిగిలింది. స్థలం యజమానితో ఒప్పందం లేనప్పుడు దొరికినవాడికి నాలుగింట మూడు వంతులని మీ చట్టంలోనే ఉంది. ఆ ముక్క రాయలేదేం?

తాళపత్రం: తాతగారికి జరిగింది అన్యాయమే. అయితే నేను అడిగేది సొత్తు గురించి కాదు. తెలంగాణలోని కోటిలింగాల ఊళ్లో శాతవాహన నాణేలు దొరికిన చోటు తెలియబట్టే తొలి రాజుల గురించి మాట్లాడుకోగలుగుతున్నాం.

పాతకాణి: వాటిని ముందు ఏరింది ఊరివాళ్లే.

తాళపత్రం: ఏరి, తెలిసినవారికి చూపించారు. మీ తాతగారి ముంత ఏ పొలంలో, ఎంత లోతున దొరికిందో ఎవరైనా రాసుకున్నారా?

పాతకాణి: లేదు. ఎవరూ అడగలేదు.

తాళపత్రం: నేను అడుగుతున్నది అదే.

పాతకాణి: అయితే రాసుకోండి. ఉయ్యాల స్తంభానికి తూర్పున ఆరడుగులు, బెత్తెడు లోతు. కాణిని మాత్రం రసీదు చేతికొచ్చాకే ఇస్తాను.