పెన్షన్ డబ్బుల్లోంచి వెయ్యి కానుక వేసే మామ్మగారు: తీసుకోవాలా, తిరిగి ఇవ్వాలా?

లెక్కల_పుస్తకం:
అందరికీ వందనాలు. ఈ ఏడాది నుంచి మా చర్చి సంఘం లెక్కలు నేను చూస్తున్నాను. గుంటూరు వైపు పల్లె. ఎక్కువమంది కూలి పనికి, మిర్చి కోతలకు వెళ్ళేవాళ్ళే. మా దాంట్లో డెబ్బై దాటిన ఒక మామ్మగారు ఉన్నారు, ఒంటరి. ఒకటో తారీఖున పెన్షన్ రూ.4,000 ఇంటికే వస్తుంది. ఆ నెల మొదటి ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం తీసుకునే బల్ల ఆరాధన రోజు, ఆవిడ కానుక కవరులో వెయ్యి ఉంటుంది. రెండు ఐదొందల నోట్లు, కొంగున ముడేసిన ముడతలు అలాగే ఉంటాయి. కవరు మీద పేరు రాసేచోట పక్కింటి పిల్లాడి చేత "పేరు వద్దు" అని రాయిస్తారు. ఎవరిదో అందరికీ తెలుసనుకోండి.

ఇబ్బంది ఎక్కడంటే, ఆవిడ బీపీ మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుంటున్నారని మా ఇంట్లోవాళ్ళకు తెలిసింది. అడిగితే "పైన ఆయన చూసుకుంటాడులే" అన్నారట. పెద్దల్లో ఒకరు "ఉన్నదంతా దేవాలయంలో వేసేసిన విధవరాలి రెండు కాసులను ప్రభువే మెచ్చుకున్నాడు, ఆపడానికి మనమెవరం" అంటారు. ఇంకొకరు డబ్బు తిరిగి ఇచ్చేయమంటారు. మీ సంఘాల్లో ఇలాంటిది వస్తే ఏం చేశారు?

మార్టూరు_అబ్బాయి:
తిరిగి మాత్రం ఇవ్వకండి బ్రదర్. మా నాయనమ్మకు అలాగే చేశారు, మంచి మనసుతోనే. "నువ్వు ఇవ్వక్కర్లేదమ్మా, నీ ప్రార్థన చాలు" అన్నారు. అప్పటిదాకా ముందు చాప మీద కూర్చునే మనిషి, ఆ తర్వాత గుమ్మం దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. కానుక సంచి వచ్చేసరికి తల దించుకునేది. "నన్ను లెక్కలోంచి తీసేశారు" అని మా అమ్మతో అందట. ఊళ్ళో ఆవిడ చెయ్యి పైన ఉండే చోటు అదొక్కటే.

చూస్తూ_ఉన్నా:
నేను అంత తేలిగ్గా ఒప్పుకోను. ముందు ఆ మామ్మగారు ఏ ప్రసంగాలు వింటున్నారో కనుక్కోండి. టీవీలో "విత్తన కానుక" అని రోజూ ఒకటే గోల. వెయ్యి విత్తితే లక్ష కోస్తావట, కింద ఫోన్‌పే నంబరు తిరుగుతూ ఉంటుంది. మా వీధిలో ఒకావిడ డ్వాక్రా లోను తెచ్చి మొక్కుబడి కానుక కట్టింది. రెండు వాయిదాలు తప్పేసరికి గ్రూపు వాళ్ళంతా ఇంటి మీదికి వచ్చారు. దాన్ని విశ్వాసం అనమంటే నా వల్ల కాదు. అలా అడిగినవాడికి లెక్క చెప్పాల్సిన బాధ్యత ఉంది.

లెక్కల_పుస్తకం:
లేదండీ, మా పాస్టరు అయ్యగారు అలాంటివి చెప్పరు. మామ్మగారింట్లో టీవీ కూడా లేదు.

సండేస్కూల్_ఖమ్మం:
రెండు కాసుల కథ చదివేటప్పుడు మనం ఎప్పుడూ మార్కు 12:41 దగ్గర మొదలుపెడతాం. ఒక్క వచనం వెనక్కి వెళ్ళండి. 40లో శాస్త్రులు, అంటే ధర్మశాస్త్రం బోధించేవాళ్ళు, విధవరాండ్ర ఇళ్ళు దిగమింగుతున్నారని ప్రభువు మండిపడ్డాడు. వెంటనే ఆ విధవరాలు వచ్చింది. తర్వాతి అధ్యాయం మొదట్లోనే ఆ దేవాలయం రాయి మీద రాయి నిలవదన్నాడు. ఆమెను మెచ్చుకున్న మాట నిజమే. కానీ "మీరూ పేదల దగ్గర ఇలా పట్టండి" అని శిష్యులతో చెప్పలేదు కదా. మన ప్రసంగాల్లో ఆ 40వ వచనం ఎప్పుడూ మాయమైపోతుంది, ఎందుకో మరి!

సారెపతు విధవరాలి సంగతి కూడా చూడండి. కరువులో ఆమె దగ్గర ఆఖరి గుప్పెడు పిండే ఉంటే, ఏలీయా ప్రవక్త ముందు నాకో అప్పం చేసి తెమ్మన్నాడు, నిజమే. కానీ తర్వాత ఆమె, ఆమె ఇంటివారు, ఏలీయా అందరూ ఆ పిండే తిన్నారు. అపొస్తలుల కార్యములు 6లో రోజువారీ పంపకంలో విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గొడవైతే, దానికోసమే ఏడుగురిని ఏర్పాటు చేశారు. కాబట్టి బ్రదర్, "తీసుకోవాలా వద్దా" ఒక్కటే అడిగితే సగమే అడిగినట్టు. తీసుకున్న సంఘం ఆవిడ మాత్రల సంగతి ఎందుకు చూడలేదు?

కువైట్_సిస్టర్:
ఆ "పేరు వద్దు" చదివి కళ్ళు చెమ్మగిల్లాయి. నేను నర్సుగా వచ్చి మొదటి జీతం మొత్తం ప్రథమ ఫలమని ఇంటి దగ్గరి మందిరానికి పంపాను. ఎవరికీ చెప్పొద్దన్నాను. ఆదివారం మైకులో పేరుతో సహా, మొత్తంతో సహా ప్రకటించారు. సోమవారం నుంచి చుట్టాల ఫోన్లు. ఒకరికి ఆటో కొనాలి, ఒకరికి ఫీజు కట్టాలి. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్నారు, నాది మండలమంతా తెలిసింది. మా మందిరంలో ఫ్యాను రెక్కల మీద కూడా దాతల పేర్లే. కరెంటు పోయినప్పుడు చదువుకోవచ్చు.

పాస్టరు_కొడుకు:
కానుకలు తీసుకునే ఇంట్లో పెరిగినవాడిగా చెప్తాను. మాకు జీతం లేదు. పిడికెడు బియ్యమే ఆధారం. వండుకునే ముందు ఒక్కో ఇంట్లో ఒక గుప్పెడు తీసి డబ్బాలో పోసేవాళ్ళు, ఆదివారం మందిరానికి తెచ్చేవాళ్ళు. రేషన్ బియ్యం, దొడ్డు బియ్యం, ఎవరో మోతుబరి ఇంటి పాత సన్నాలు, అన్నీ ఒకే గోనె సంచిలో. అన్నం వండితే కొన్ని మెతుకులు జావైపోయేవి, కొన్ని పలుకుగా ఉండేవి. మా అమ్మ ఎంత గంజి వార్చినా అంతే. చిన్నప్పుడు విసుగొచ్చేది.

మా నాన్నగారు ఒక పని చేసేవారు. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో ఆయనకు తెలుసు. చీకటి పడ్డాక అదే సంచిలోంచి రెండు శేర్లు తీసి నాతో పంపేవారు. ఆ ఇల్లు పొద్దున గుప్పెడు పోసిన ఇల్లే అయ్యుండేది. వాళ్ళ గుప్పెడు వద్దని ఒక్కసారీ అనలేదు.

ఇది మన దగ్గరే కాదు. మిజోరంలో స్త్రీలు 1910లో మొదలుపెట్టిన బుహ్‌ఫాయి థామ్ ఇదే పద్ధతి, పూట పూటకీ గుప్పెడు. ఇప్పటికీ అక్కడ సంఘానికి అదొక పెద్ద రాబడి.

డోర్నకల్_మనవడు:
పేదల కానుక చిన్నదని ఎవరూ అనుకోకండి. 1903లో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకున్నారు. పైదేశాల డబ్బు వద్దు, మన మనుషులు, మన డబ్బే అని నియమం. వాళ్ళు పని మొదలుపెట్టింది నైజాం రాజ్యంలోని మా డోర్నకల్ ప్రాంతంలో. దాన్ని స్థాపించినవాళ్ళలో ఒకరైన అజరయ్య గారు 1909లో తానే అక్కడికి మిషనరీగా వచ్చారు. 1912లో డోర్నకల్ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. భాష తెలియని, ముఖం చూడని తెలుగువాళ్ళ కోసం అక్కడ ఎవరెవరో అణా పైసలు ఇచ్చుకున్నారు. మా తాతల పేర్లు బాప్తిస్మం రిజిస్టరులో ఉన్నాయంటే అందులో వాళ్ళ పాలు ఉంది.

డల్లాస్_నుంచి:
ఇక్కడ మా తెలుగు సంఘంలో దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు, గ్రాస్ మీదా నెట్ మీదా అని వాదన. డిసెంబరులో ట్యాక్స్ రసీదు కోసం హడావుడి. మామ్మగారి నాలుగో వంతు ముందు మాది ఏపాటి? అయితే రెండో కొరింథీ 8 కూడా చూడండి. మాసిదోనియ వాళ్ళు కటిక పేదరికంలో, ఆ కానుకలో మాకూ భాగం ఇవ్వమని బతిమాలి మరీ ఇచ్చారని పౌలు పొగుడుతాడు. అదే అధ్యాయంలో, ఇతరులకు తేలిక చేసి మీకు భారం పెట్టాలని కాదనీ అంటాడు. రెండూ పట్టుకోవాలి.

మార్టూరు_అబ్బాయి:
ఒక మాట. 104 బండి ఊరికి వస్తుంది కదా, బీపీ, షుగర్ మాత్రలు ఉచితంగా ఇస్తారు. ఆవిడ ఎందుకు తెచ్చుకోవట్లేదు?

లెక్కల_పుస్తకం:
అదే కనుక్కున్నాం. బండి ఆగేది సచివాలయం దగ్గర. మోకాళ్ళ నొప్పితో అంతదూరం నడవలేరు, ఎవరినీ అడగరు. ఇక నుంచి యూత్ పిల్లలు అరవై దాటినవాళ్ళందరినీ బండి మీద తీసుకెళ్తారు. ఆవిడ ఒక్కరికే అంటే ఒప్పుకోరని అందరికీ పెట్టాం. కానుక సంగతి పాస్టరమ్మగారు మెల్లగా కదిపితే, "మా ఆయన పోయినప్పుడు పెట్టె దగ్గర్నుంచి గుంట దాకా సంఘమే చూసింది. అది అప్పనుకుని కట్టట్లేదు. నా వంతు వేస్తున్నా. మీకేంటి బాధ?" అన్నారట. వెయ్యి తగ్గించే ప్రసక్తే లేదు. మేమూ ఇక అడగం.

చూస్తూ_ఉన్నా:
బాగుంది. మరి ఆ వెయ్యి దేనికి ఖర్చవుతోందో ఆవిడకు ఎప్పుడైనా చెప్పారా?

లెక్కల_పుస్తకం:
మా దగ్గర లెక్క చదివే అలవాటే లేదండీ. పుస్తకం తిరగేస్తే ఈ మధ్య ఎక్కువ పోయింది సౌండ్ బాక్సుల బాకీకే. వచ్చే బల్ల ఆదివారం నుంచి నెల లెక్క పైకి చదవాలని పెద్దల కూటంలో పెట్టాను. ఇద్దరు సరేనన్నారు, ఇద్దరు ఇంకా ఆలోచిస్తున్నారు.