ఆగస్టు 15 విదేశాల్లో: డాన్సులు, కేకు కాకుండా ఇంకేం చేస్తున్నారు?

గోదారి_గట్టు (డాలస్ దగ్గర)
ఈసారి మా తెలుగు సంఘంలో స్వాతంత్ర్య దినం ఏర్పాట్లు నాకు అప్పజెప్పారు. ఏటా ఒకటే వరస. జెండా, జనగణమన, ముఖ్య అతిథి ప్రసంగం, తర్వాత సాయంత్రం దాకా సినిమా పాటలకు డాన్సులు, చివర్లో మూడు రంగుల కేకు కోసి భోజనాలు. పిల్లల్ని ఈరోజు ఏంటమ్మా అని అడిగితే ‘ఇండియా డే’ అంటారు, అంతకుమించి చెప్పలేరు. 1947లో దేశం ఎక్కడుంది, ఇప్పుడు ఎక్కడుంది అన్నది వాళ్ళకు కళ్ళకు కట్టేలా చూపించాలని నా కోరిక. మీ ఊళ్ళలో ఏం చేశారు? హాలు, ఇన్సూరెన్స్, జెండా ఎక్కడ కొన్నారు, ఖర్చులు ఎలా పంచుకున్నారు, అన్నీ చెప్పండి.

ఓక్‌ట్రీ_వాసి
బ్రదర్, ఒకసారి న్యూయార్క్ వచ్చి మ్యాడిసన్ అవెన్యూ పరేడ్ చూడండి. 1981 నుంచి జరుగుతోంది. ఆగస్టు 15కి దగ్గర్లోని ఆదివారం పెడతారు. 2022లో అల్లు అర్జున్ గ్రాండ్ మార్షల్‌గా, అంటే పరేడ్‌కు ముఖ్య అతిథిగా వచ్చిన రోజు మా పిల్లలు తెల్లారకముందే లేచి రెడీ అయ్యారు. 2025లో విజయ్ దేవరకొండ, రష్మిక వచ్చారు. అంతమంది మనవాళ్ళు జెండాలు పట్టుకుని నడుస్తుంటే పక్కన తెల్లవాళ్ళు ఆగి ఫోటోలు తీసుకుంటారు. పిల్లలకు గర్వం రావాలంటే హాల్లో స్లైడ్లు వేస్తే రాదు, రోడ్డు మీద నడిస్తే వస్తుంది. పదేళ్ళ నుంచీ శకటం పని చేస్తున్నవాడిగా చెబుతున్నాను.

ఎన్‌సీసీ_సీ_సర్టిఫికెట్
పైన ప్రశ్నలో ‘మూడు రంగుల కేకు కోసి’ అని ఎంత తేలిగ్గా రాశారండీ! జాతీయ పతాకం రంగుల మీద కత్తి పెట్టడం అవమానం. జాతీయ చిహ్నాలను అవమానిస్తే శిక్షించే 1971 చట్టం ఉంది, జెండా ఎలా వాడాలో చెప్పే 2002 ఫ్లాగ్ కోడ్ ఉంది. నేను ఎన్‌సీసీలో సీ సర్టిఫికెట్ తీసుకున్నవాణ్ణి, రిపబ్లిక్ డే క్యాంపుకు వెళ్ళినవాణ్ణి. జెండా 3:2 కొలతలో ఉండాలి, చక్రంలో 24 ఆకులుండాలి, నేలకు తగలకూడదు. ముందు ఇవి నేర్చుకుని తర్వాత పండుగ చేయండి. ఇంకోటి, కారు ర్యాలీల్లో బానెట్ మీద జెండా పరుస్తున్నారు. అదీ నిషేధమే.

కూచిపూడి_టీచర్ (మెల్‌బోర్న్)
‘డాన్సులు తప్ప ఇంకేమైనా’ అంటే నాకు మండుతుంది. పెద్దవాళ్ళ ప్రసంగాలు గంట సాగదీస్తారు, మేకప్ వేసుకున్న చిన్న పిల్లలు ఆకలితో తెర వెనక కూర్చుంటారు. చివరికి టైం లేదని పాట మధ్యలో ఆపేస్తారు. కిందటేడు సరిగ్గా ఇదే జరిగింది, ఒక పాప ఏడుస్తూ ఇంటికెళ్ళింది. ఆ డాన్సులే లేకపోతే మీ ప్రసంగం వినడానికి తల్లిదండ్రులు వస్తారా? పాట ఎంపిక బాగుండాలంటే సరే, ఒప్పుకుంటా. డాన్సే దండగ అంటే ఒప్పుకోను.

లాయర్_గుంటూరు
ఎన్‌సీసీ గారూ, కేకు విషయం కోర్టు ఎప్పుడో తేల్చింది. 2013 క్రిస్మస్ రోజు కోయంబత్తూరులో ఒక కార్యక్రమంలో త్రివర్ణ పటం, అశోక చక్రం ఉన్న పెద్ద కేకు కోశారని కేసు పెట్టారు. 2021 మార్చిలో మద్రాస్ హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. అవమానించే ఉద్దేశం లేనప్పుడు నేరం కాదంది. పైగా 1971 చట్టం వర్తించేది భారతదేశంలో. టెక్సాస్ హాల్లో కోసిన కేకుకు ఇక్కడ కేసేం ఉంటుంది?

ఎన్‌సీసీ_సీ_సర్టిఫికెట్
చట్టం వర్తించకపోతే మర్యాద కూడా వర్తించదా సార్? కోర్టు నేరం కాదంది, మంచి పని అనలేదు. సముద్రం దాటగానే జెండా గౌరవం తగ్గిపోతుందా?

లాయర్_గుంటూరు
నేను అనని మాట నా నోట్లో పెట్టకండి. కేకు మీద వాదించే బదులు భోజనాల బల్ల చూడండి. మూడు రంగుల పేపర్ న్యాప్‌కిన్లతో మూతులు తుడుచుకుని చెత్తబుట్టలో పడేస్తున్నారు. న్యాప్‌కిన్లు, రుమాళ్ళ మీద జెండా అచ్చు వేయడం ఆ చట్టంలోనే స్పష్టంగా తప్పు అని ఉంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

ఎన్‌సీసీ_సీ_సర్టిఫికెట్
న్యాప్‌కిన్ల మాట నూటికి నూరుపాళ్ళు నిజం. కేకు మాత్రం ఒప్పుకునేది లేదు.

బే_ఏరియా_శ్రీకాకుళం
కేకు గొడవ ఆపండి బాబూ. అమెరికాలో భారత స్వాతంత్ర్యం అంటే మనకు ఇక్కడే చరిత్ర ఉంది, ఒక్కరూ తలవడం లేదు. బ్రిటిష్ పాలన మీద తిరగబడాలని ఇక్కడి భారతీయులు పెట్టిన గదర్ పార్టీ పుట్టింది 1913లో, ఈ పశ్చిమ తీరంలోనే. ఆ ఏడాది నవంబర్ 1న శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ‘గదర్’ పత్రిక మొదలైంది. వుడ్ స్ట్రీట్‌లో స్మారక భవనం ఇప్పటికీ ఉంది. ఆ పార్టీలో మన తెలుగువాడు కూడా ఉన్నాడు. కనిగిరి నుంచి చదువుకోవడానికి కాలిఫోర్నియా వచ్చిన దరిశి చెంచయ్య. చదువు కోసం వచ్చి ఉద్యమంలో చేరి, బ్రిటిష్ జైళ్ళలో ఏళ్ళు గడిపాడు. మన పిల్లలు చదువుతున్న యూనివర్సిటీల పక్క వీధుల్లో తిరిగిన మనిషి. ఆయన మీద పిల్లలతో చిన్న నాటిక వేయిస్తే ఎంత బాగుంటుంది!

జగిత్యాల_దుబాయ్
మీ పరేడ్లు, నాటికలు బాగున్నాయి అన్నా. మా దిక్కు సంగతి వినండి. ఆగస్టు 15 ఇక్కడ సెలవు కాదు. పొద్దున కాన్సులేట్‌లో జెండా ఎగరేస్తారు, ఎవరైనా పోవచ్చు. కానీ సైట్ మీద పనికి పోయేటోడు ఎట్ల పోతడు? జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని ఆపాలని రూల్. ఆగస్టు అంటే ఎట్లుంటదో మీరే ఊహించుకోండి. ఒక సంఘం హాల్లో పెట్టిన వేడుకకు క్యాంపు నుంచి కొందరం పోతే, ముందు వరసలన్నీ స్పాన్సర్లకు అని వెనక నిలబెట్టారు. ఆ రోజు నుంచి నేను పోలేదు. దేశానికి డాలర్లు, దిర్హాములు పంపేది మేం కూడా. 2023-24లో దేశానికి వచ్చింది 118.7 బిలియన్ డాలర్లు, అందులో అమెరికా తర్వాత ఎక్కువ వాటా యూఏఈదే. ప్రగతి అని స్లైడ్ వేస్తే ఆ లెక్క కూడా వేయండి.

ఓక్‌ట్రీ_వాసి
తమ్ముడూ, నీ బాధ అర్థమైంది. కానీ అన్ని సంఘాలూ అలా ఉండవు. మా దగ్గర వాలంటీర్లకే ముందు సీటు.

జగిత్యాల_దుబాయ్
వాలంటీర్లు కూడా సాఫ్ట్‌వేర్‌వాళ్ళే కదా అన్నా.

నిజామాబాద్_పిల్లగాడు (లండన్)
ఇంకో మాట. 1947 ఆగస్టు 15 అని అందరూ ఊగిపోతారు. ఆ రోజు మా తాతల ఊళ్ళో జెండా ఎగరేస్తే నిజాం పోలీసులు కొట్టారు. హైదరాబాద్ సంస్థానం ఇండియాలో కలిసింది 1948 సెప్టెంబర్ 17న. మా లండన్ సంఘంలో ఆ ముక్క ఒక్క నిమిషం చెప్తానంటే ‘రాజకీయాలు వద్దు’ అన్నారు. చరిత్ర చెబితే రాజకీయమా?

కృష్ణలంక_కుర్రోడు
ఇక మొదలైంది. ఆగస్టు 15 దేశమంతటికీ పండుగ. ఇక్కడ కూడా మాది, మీది అని గీత గీయాలా? మా బెజవాడలో 1921లో పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా నమూనా ఇచ్చారు. మేం దాన్ని ‘మా జెండా’ అంటున్నామా?

నిజామాబాద్_పిల్లగాడు
అనకుండానే అన్నావు. నేను గీత గీయలేదు, పదమూడు నెలలు ఆలస్యంగా వచ్చిన స్వేచ్ఛ గురించి చెప్పనివ్వమన్నాను. ఆ పదమూడు నెలల్లో రజాకార్ల చేతుల్లో ఏం జరిగిందో మా నాయనమ్మను అడిగి తెలుసుకున్నాను. ‘జైహింద్’ నినాదం ఇచ్చింది కూడా హైదరాబాదీనే, ఆబిద్ హసన్. 1943లో బోస్‌తో పాటు జర్మనీ నుంచి జలాంతర్గామిలో వచ్చినవాడు. ఆయన పేరు మీ పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

కృష్ణలంక_కుర్రోడు
ఆబిద్ హసన్ గురించి చెప్పు, కూర్చుని వింటాను. కానీ సెప్టెంబర్ 17ను విలీనం అనాలో విమోచనం అనాలో మీలో మీకే కుదరలేదు, ఆ తగువు హాల్లోకి తెస్తే భోజనాల దాకా ఎవరూ ఉండరు.

మోడరేటర్
ఇద్దరూ కాస్త తగ్గండి. పార్టీల పేర్లు వస్తే పోస్టులు తీసేస్తాను. 2022లో న్యూజెర్సీ ఎడిసన్ పరేడ్‌లో రాజకీయ గుర్తుగా మారిన బుల్డోజర్ పెట్టి, తర్వాత నిర్వాహకులు క్షమాపణ చెప్పాల్సి రావడం గుర్తుంది కదా. ఆ దారిలోకి పోవద్దు.

రిటైర్డ్_హెడ్‌మాస్టర్ (అబ్బాయి దగ్గర, షార్లెట్)
నాయనా, అందరి మాటలూ చదివాను. ప్రగతి పిల్లలకు ఎలా చూపించాలి అని మొదట అడిగారు. దానికి ఎవరూ జవాబు చెప్పలేదు, నేను చెబుతాను.

నేను బడిలో చదువుకునే రోజుల్లో మధ్యాహ్నం అమెరికా రవ్వ ఉప్మా పెట్టేవారు. పచ్చగా, ఒక రకమైన వాసనతో ఉండేది. పాలపొడి కలిపిన పాలు పోసేవారు. కేర్ అనే అమెరికా సహాయ సంస్థ ద్వారా వచ్చేవి. ఊళ్ళో రేషన్ షాపుకు పీఎల్-480 అనే అమెరికా ఆహార సహాయ పథకం కింద గోధుమలు వచ్చేవి. ఓడ ఆలస్యమైతే దేశం భయపడే రోజులవి. మా నాన్న ఆ గోధుమల బస్తా దించుకుంటూ ‘మన గింజ మనం పండించుకునే రోజు ఎప్పుడొస్తుందో’ అనడం నా చెవుల్లో ఉంది.

1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారనే రైతు ఐఆర్-8 అనే ఎక్కువ దిగుబడి ఇచ్చే కొత్త వరి వేశారు. ఊరు మొత్తం చూడటానికి వచ్చింది. ఆ విత్తనం ఊరూరా పాకింది, ఆయనకు ‘మిస్టర్ ఐఆర్8’ అని పేరు వచ్చింది. ఇప్పుడు ప్రపంచంలో బియ్యం ఎక్కువగా ఎగుమతి చేసే దేశం మనది, పాల ఉత్పత్తిలో మొదటి స్థానం మనది. అమెరికా ఉప్మా తిన్న పిల్లవాడి కొడుకు ఈరోజు అమెరికాలో ఇండియన్ స్టోర్‌లో మన సోనా మసూరి కొంటున్నాడు. ప్రగతి అంటే నాకు ఇది. రాకెట్ బొమ్మ పెట్టండి, వద్దనను. దాని పక్కన ఒక బియ్యం సంచి కూడా పెట్టండి. పిల్లలకు నేను వచ్చి చెబుతాను.

1951లో అక్షరాస్యత 18 శాతం, 2011కి 74. ఆ మధ్య అరవై ఏళ్ళలో వాన పడితే కురిసే గదుల్లో పాఠాలు చెప్పినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ మాటా రావాలి.

కూచిపూడి_టీచర్ (మెల్‌బోర్న్)
మాస్టారూ, మా అమ్మ కూడా ఆ ఉప్మా గురించి చెబుతుంది. మీరు చెప్పినదాన్ని నేను డాన్స్‌గా కూర్చుతాను. ఓడ కోసం ఎదురుచూపు, పొలం, కోత. సినిమా పాట అక్కర్లేదు.

శ్రీహరికోట_చూశా
రాకెట్ బొమ్మే అని తీసిపారేయకండి మాస్టారూ. 2023 జూలై 14న చంద్రయాన్-3 మన నెల్లూరు పక్కనుంచే ఎగిరింది, ఆగస్టు 23న దిగింది. మా పిల్ల ఆ రోజు స్కూల్లో అందరికీ చెప్పుకుంది. అంతకుముందు ఎవరూ ఇండియా గురించి దాన్ని మంచిగా అడిగినవాళ్ళు లేరు.

రిటైర్డ్_హెడ్‌మాస్టర్
తీసిపారేయలేదు నాయనా. రెండూ ఉండాలన్నాను.

విశాఖ_సునీత
ఎవరికీ గుర్తురాలేదు కానీ, ప్రతిజ్ఞ చెప్పించండి. ‘భారతదేశం నా మాతృభూమి’ రాసింది పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు, నల్గొండ జిల్లా అన్నెపర్తి మనిషి. 1962లో విశాఖలో ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు రాశారు. దేశమంతా బడుల్లో చెప్పే ప్రతిజ్ఞ తెలుగులో పుట్టింది. పైన కొట్టుకుంటున్న ఇద్దరికీ కూడా సరిపోతుంది, ఊరు నల్గొండది, ఉద్యోగం విశాఖలో.

నిజామాబాద్_పిల్లగాడు (లండన్)
అక్కా, ఇది నచ్చింది. మా సంఘంలో పెట్టిస్తాను.

పేరాక్_తెలుగు (మలేసియా)
మేం ఇక్కడ నాలుగో తరం. మాకు స్వాతంత్ర్య దినం ఆగస్టు 31, మా దేశం మలేసియా. ఆగస్టు 15కి మా ఇంట్లో జెండా ఎగరేయం. కానీ మా ముత్తాత బోస్ పిలుపు విని ఆజాద్ హింద్ ఫౌజులో చేరాడని పెద్దవాళ్ళు చెబుతారు. ఇండియా నుంచి కొత్తగా ఉద్యోగాలకు వచ్చినవాళ్ళు మమ్మల్ని ‘మీరు ఇండియన్సేనా’ అని పరీక్ష పెడతారు. అది మానుకుంటే చాలు.

ఎన్‌సీసీ_సీ_సర్టిఫికెట్
గోదారి గట్టు గారూ, జెండా ఎక్కడ కొనాలి అన్నారు. 2021 డిసెంబర్ సవరణ తర్వాత పాలిస్టర్ కూడా చెల్లుతుంది, కానీ చేతిలో డబ్బుంటే ఖాదీ జెండా తెప్పించండి. హుబ్బళ్ళి ఖాదీ సంఘం తయారు చేస్తుంది. అమెరికా జెండాతో పాటు పెడితే రెండు కర్రలూ ఒకే ఎత్తు ఉండాలి. శాంతి కాలంలో ఒక దేశం జెండాను ఇంకో దేశం జెండా కంటే పైన పెట్టకూడదని అమెరికా చట్టంలోనే ఉంది. పండుగ అయ్యాక పిల్లల చేతి జెండాలు పార్కింగ్‌లో పడేయకుండా ఒకరికి బాధ్యత అప్పగించండి.

కోనసీమ_లక్ష్మి
దుబాయ్ అన్నా, మీకు తెలుస్తుందేమో అని అడుగుతున్నా. మా తమ్ముడు కువైట్‌లో డ్రైవర్. వెళ్ళేటప్పుడు తీసుకున్న ప్రవాసీ భారతీయ బీమా గడువు అయిపోయిందట. మళ్ళీ తీసుకోవడానికి ఊరికి రావాలా?

జగిత్యాల_దుబాయ్
రానక్కర్లేదు అక్కా. అక్కడి నుంచే ఆన్‌లైన్‌లో రెన్యూ చేసుకోవచ్చు. ప్రమాదంలో చనిపోతే పది లక్షలు ఇస్తారు. రెండేళ్ళకు ప్రీమియం 275 రూపాయలు, మూడేళ్ళకు 375 అని ఉండేది, కట్టేముందు ఒకసారి చూసుకోమనండి. పాలసీ నంబర్ మీ ఇంట్లో కూడా రాసి పెట్టుకోండి. చాలామంది ఇంట్లోవాళ్ళకు బీమా ఉన్న సంగతే తెలియదు. జీతం ఆపినా, పాస్‌పోర్టు లాక్కున్నా మన విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టమనండి, నంబర్ వస్తుంది, దాన్ని పట్టుకుని ఎంబసీలో అడగొచ్చు. ఈసారి ఆగస్టు 15కి మా క్యాంపులో ఇదే చేస్తున్నాం. ఒక టేబుల్ వేసి, ఎవరి బీమా ఎప్పుడు అయిపోతుందో చూసి అక్కడే ఫోన్‌లో రెన్యూ చేయిస్తాం. సాయంత్రం పని అయ్యాకనే. పక్క క్యాంపులో మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి.