పదహారేళ్ల రన్నర్‌కు ప్రోటీన్ పొడి, ప్రీ వర్కవుట్ వాడించవచ్చునా?

ప్రశ్న (లింగంపల్లి నుంచి ఒక తండ్రి):
మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతూ 400 మీటర్ల పరుగులో శిక్షణ పొందుతోంది. బరువు 48 కిలోలు. ఉదయం ఐదున్నరకల్లా గచ్చిబౌలి స్టేడియంలో ఉండాలి కనుక ఖాళీ కడుపుతోనే బయలుదేరి, అటు నుంచి అటే కాలేజీకి వెళ్లి, మధ్యాహ్నం బాక్సులోని పులిహోరో పెరుగన్నమో తిని, సాయంత్రం ఇల్లు చేరేసరికి నీరసించిపోతోంది. మేము మాంసం తినము, గుడ్డు తింటాము. ఒక సప్లిమెంట్ దుకాణంలో వే ప్రోటీన్‌తో (పాల విరుగుడు తేట నుంచి తీసే ప్రోటీన్ పొడి) పాటు, వ్యాయామానికి ముందు తాగే ‘ప్రీ వర్కవుట్’ అనే ఎర్రటి పొడి డబ్బా కూడా అంటగట్టారు. బిల్లు అడిగితే ఇవ్వలేదు. వచ్చే నెలలో రాష్ట్రస్థాయి పోటీలున్నాయి. ఇవి వాడించవచ్చునా?

సమాధానం 1 (ఆహార నిపుణురాలు):
డబ్బాల సంగతి తరువాత, ముందు లెక్క చూద్దామండీ. శిక్షణలో ఉన్నవారికి కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 2 గ్రాముల ప్రోటీన్ చాలు. మీ అమ్మాయికి 70 గ్రాములనుకోండి. అరవై గ్రాముల పెసలతో వేసిన పెసరట్లలో సుమారు 14, రెండు గుడ్లలో 12, రోజంతటి అన్నం పప్పుల్లో 25, పాలు పెరుగుల్లో 14, గుప్పెడు వేరుశనగల్లో 7 గ్రాములు వస్తాయి. పొడి లేకుండానే లెక్క కుదిరింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు కూడా కండ కోసం ప్రోటీన్ సప్లిమెంట్ల జోలికి పోవద్దన్నాయి.

నీరసానికి కారణం పిండిపదార్థాలు చాలకపోవడమేనని నా అనుమానం. బయలుదేరే ముందు ఒక అరటిపండు, రెండు ఖర్జూరాలు తిననివ్వండి. పరుగు ముగిసిన అరగంటలోపు ఇడ్లీలు, గుడ్లు తినేలా డబ్బా సర్దండి. (చల్లారిన పెసరట్టు పిల్లలు ముట్టరు, అది రాత్రికి వేయండి.)

సమాధానం 2 (మాజీ అథ్లెట్):
ఆ ఎర్ర డబ్బా మూత తీయవద్దు. 2010లో ఢిల్లీ కామన్‌వెల్త్ క్రీడలకు ముందు మన క్రీడాకారులు పలువురు మిథైల్‌హెక్సేనమిన్ అనే ఉత్తేజకంతో డోప్ పరీక్షల్లో దొరికిపోయారు. అలాంటివి ప్రీ వర్కవుట్ పొడుల్లో బయటపడిన సందర్భాలున్నాయి. ‘నాకు తెలియదు, దుకాణంవాడు ఇచ్చాడు’ అన్నా నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) ఒప్పుకోదు, ఒంట్లో ఏది దొరికినా బాధ్యత క్రీడాకారిణిదే. వే ప్రోటీన్ నిషిద్ధం కాదు, కానీ కల్తీ ప్రమాదం దానికీ ఉంది. ఎప్పుడైనా వాడవలసి వస్తే స్వతంత్ర ప్రయోగశాలలో పరీక్షించిన బ్యాచ్ నంబరు డబ్బా మీది నంబరుతో సరిపోలిందో లేదో చూసుకోండి. జలుబు మందు రాయించుకునేటప్పుడు కూడా పోటీలున్నాయని డాక్టరుగారికి చెప్పండి.

సమాధానం 3 (ఒక రన్నర్ తల్లి):
అన్నయ్యగారూ, హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పేది) పరీక్షలు చేయించారా? మా పాపకూ ఇలాంటి నీరసమే వస్తే ఐరన్ తక్కువని తేలింది. తిండిలోని ఐరన్ ఒంటికి పట్టాలని భోజనంతో పాటు టీ తాగడం మాన్పించి, పప్పులో నిమ్మకాయ పిండడం మొదలుపెట్టాము. మాత్రలు మాత్రం డాక్టరు చెప్పిన మోతాదులోనే ఇచ్చాము. నెలసరి తప్పుతోందేమో వదినగారిని అడగమనండి; తిండి చాలని ఆడపిల్లల్లో ముందుగా కనిపించే గుర్తుల్లో అదొకటి.

ప్రశ్న వేసిన తండ్రి:
డబ్బా అట్ట చదివాను. ‘ప్రొప్రైటరీ బ్లెండ్’ (కంపెనీ సొంత మిశ్రమం) అని మొత్తం బరువు వేశారే తప్ప దేనిది ఎంతో రాయలేదు. అది పక్కన పెట్టేశాను. శనివారం రక్తపరీక్ష చేయిస్తాము. టీ అలవాటు మా ఇంట్లోనూ ఉందమ్మా, అదీ భోజనం కాగానే.